జడ్జమ్మ రెండో గుక్క

పాల డెయిరీ గేటు దగ్గర ఆమెని అందరూ జడ్జమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది ట్యాంకర్ డ్రైవర్లు. పొద్దు పొడిచేసరికి ట్యాంకర్లు వరసగా వచ్చి ఆగేవి. ఆమె తెల్లకోటు వేసుకుని, తలకి టోపీ బిగించుకుని, ఇనుప నిచ్చెనెక్కి మూత తీయించేది. పాలు అడుగుదాకా బాగా కలియబెట్టించి, పొడవాటి కాడ ఉన్న గరిటెతో చిన్న గ్లాసుడు ముంచుకునేది. దాన్ని వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చన చేసి, ఒక గుక్క నోట్లో పోసుకుని, నాలుకంతా తడిసేలా తిప్పి, పక్కనున్న తొట్టిలో ఉమ్మేసేది. ఆ తర్వాత రెండు మాటల్లో ఏదో ఒకటి. "తీసుకోండి" అంటే ట్యాంకర్ లోపలికి. "వద్దు" అంటే వచ్చిన దారినే వెనక్కి. వెనక్కి వెళ్లాల్సిన డ్రైవర్ ఎంత బతిమాలినా, ఎంత గొంతు చించుకున్నా, ఆమె అప్పటికే తర్వాతి నిచ్చెన ఎక్కేసి ఉండేది.

ఇరవై ఏడేళ్లప్పుడు ఆ డెయిరీలో సీసాలు కడిగే పనికి చేరింది. చేరిన రెండో నెలలో, టీ విరామంలో అందరితోపాటు ఒక గుక్క తాగి, "ఈ పాలల్లో సబ్బుంది" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. సూపర్‌వైజర్ నవ్వలేదు. పైపులు విప్పించి చూస్తే, కడిగిన మందునీళ్లు ఒక వంపులో అలాగే నిలిచి ఉన్నాయి. మరుసటి వారం ఆమెని సీసాల దగ్గర్నుంచి తీసి గేటు దగ్గర వేశారు. అక్కడే ముప్పై ఒక్క ఏళ్లు.

పశువులు ముందురోజు ఏం మేశాయో, క్యానుకి లోపల తుప్పు పట్టిందో లేదో, పాలు ఎండలో ఎంతసేపు నిలబడ్డాయో, అన్నీ ఆ ఒక్క గుక్కలోనే చెప్పేసేది. అన్నిటికన్నా ముఖ్యం పులుపు. పాలు పులుపుకి తిరగబోతున్నాయంటే ల్యాబువాళ్లు చుక్కల మందు వేసి రంగు చూసేలోపే ఆమె మూత వేయించేసేది. అన్నేళ్లలో ల్యాబుకీ ఆమెకీ మాట కలవనిది నాలుగుసార్లే. మూడుసార్లు ల్యాబువాళ్లే మళ్లీ పరీక్ష చేసి, వచ్చి తల గోక్కున్నారు. నాలుగోసారి గురించి ఆమె మాట్లాడదు.

ఆ నాలుకని కాపాడుకోవడానికి ఇంట్లో ఆమె పెట్టుకున్న కట్టుబాట్లు అన్నీ ఇన్నీ కావు. పచ్చి ఉల్లిపాయ ముట్టదు. వాసన సబ్బు వాడదు. పది దాటితే గానీ కాఫీ లేదు. మందు సంగతంటారా, తప్పని కాదు, ఒప్పని కాదు. తాగితే మర్నాడు నాలుక మొద్దుబారుతుందన్న భయంతో ఏనాడూ దాని జోలికి పోలేదు. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఉప్పు రెండుసార్లు పడినా, అసలే పడకపోయినా గుర్తుపట్టని మహానుభావుడు. "భగవంతుడు ఇద్దరికీ కలిపి ఇచ్చిన రుచి మొత్తం నువ్వొక్కదానివే తీసేసుకున్నావోయ్," అనేవాడు.

యాభై ఎనిమిదో ఏట ఆమె రిటైరయింది. ఆమె నిలబడిన చోట ఒక యంత్రం పెట్టారు. దాన్ని చూసి ఆమె బాధపడుతుందనుకున్నారు గానీ, ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మంచిదే, దీనికి జలుబు చెయ్యదు," అని ఇంటికి వచ్చేసింది. వచ్చాక మాత్రం చేతులు ఊరుకున్నా నాలుక ఊరుకోలేదు. కొట్లో బిస్కట్ ప్యాకెట్ విప్పగానే ఎన్నాళ్ల సరుకో చెప్పేది. కూరగాయల షాపువాడు ఆమె వస్తుంటే దూరం నుంచే చూసి నిన్నటి బుట్ట వెనక్కి జరిపేవాడు.

ఏడాది అలా గడిచింది. ఒక గురువారం పొద్దున్న ఆమె చెల్లెలి కూతురు వచ్చింది. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది, చేతిలో రుమాలు.

"పెద్దమ్మా, దీ దాలుక కావాలి," అంది గుమ్మంలోంచే.

"ఏం కావాలి?"

ఆ పిల్ల గట్టిగా చీది, మళ్లీ చెప్పింది. "నీ నాలుక. ఇవాళ్టికి."

పేపరు చదువుకుంటున్న పెదనాన్న తలెత్తాడు. "తీసుకెళ్లమ్మా. నాలుగు రోజులుంచుకో. ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుంది."

చెల్లెలి కూతురూ, ఆమె మొగుడూ కలిసి మూతపడిన ఐసు ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి తీసుకుని, నాలుగేళ్లుగా అందులో బీరు కాస్తున్నారు. జడ్జమ్మ ప్రారంభం రోజున వెళ్లి, నేల శుభ్రంగా ఉందని మెచ్చుకుని, మంచినీళ్లు తాగి వచ్చింది. ఆ తర్వాత ఆ గడప తొక్కింది లేదు. ఇప్పుడు ఆ పిల్ల చెప్పిన సంగతేమిటంటే, ఏడాది కిందట ఎనిమిది చెక్క పీపాల్లో ఒక కొత్త రకం పోశారు. ఏల్ అంటారట, బీరులో ఒక జాతి. ఆ పీపాల్లో బాగున్నవి చూసి, పెద్ద ట్యాంకులోకి కలిపేయాలి. సీసాల్లో నింపే లారీ ఎల్లుండే వస్తుంది. అది ఊళ్లన్నీ తిరిగే లారీ, మళ్లీ రావాలంటే రెండు నెలలు. ఒకసారి కలిపాక విడదీయడమంటూ ఉండదు. ఎనిమిదిట్లో ఒక్కటి చెడ్డది కలిసినా మొత్తం పోయినట్టే. రుచి చూసేది ఈ పిల్లే. ఈ పిల్లకే వారం నుంచి జలుబు. అగరొత్తికీ ఆముదానికీ తేడా తెలియడం లేదు.

"మీ ఆయన ఉన్నాడు కదే?"

"ఆయనకి అన్నీ బాగానే ఉంటాయి పెద్దమ్మా. అదే భయం."

"సరే, ఆ కొత్త రకం ఏమిటి?"

"పుల్లగా ఉంటుంది."

జడ్జమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "పులిసిపోయిందా?"

"పులిసిపోలేదు. మేమే పులియబెట్టాం."

"కావాలని?"

"కావాలనే."

"జీవితమంతా పులిసినదాన్ని వెనక్కి తోలిన మనిషిని నేను. నన్ను తీసుకెళ్లి పులిసినదాన్ని మెచ్చుకోమంటావా?"

"మెచ్చుకోమనట్లేదు. ఉన్నదున్నట్టు చెప్పమంటున్నా."

ఉన్నదున్నట్టు చెప్పమంటే కాదనే మనిషి కాదామె. తాగబోయే కాఫీ సింకులో పారబోసి, నోరు పుక్కిలించి, చెప్పులు వేసుకుంది.

షెడ్డు చల్లగా ఉంది. ఒక పక్క స్టీలు ట్యాంకులు, వాటికి గడియారాల్లాంటి మీటర్లు. మరో పక్క గోడ వెంబడి రెండు వరసల్లో చెక్క పీపాలు, ఒక్కొక్కటీ మనిషి నడుమెత్తు. నేల తడిగా, జారకుండా గరుకుగా ఉంది. అల్లుడు ఎదురొచ్చాడు. పొడుగ్గా, మోచేతుల దాకా చొక్కా మడిచి, చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న మనిషి. బీరు పనిలోకి రాకముందు చెక్కపని చేసేవాడు. పాత పీపాలు ఎక్కడో కొనుక్కొచ్చి, తనే విప్పి, తనే బిగించాడు.

"రండత్తయ్యా! ముందు రెండోది చూడండి. నా చేత్తో పలక పలకా మార్చి కట్టాను. అన్నిటికన్నా అదే పదునుగా వచ్చింది."

"వరసలో వద్దాం బాబూ," అంది ఆమె. "ఒక బకెట్టు కావాలి. మంచినీళ్లు, మామూలు రొట్టె ముక్కలు. తలుపు దగ్గర ఆ డీజిలు డబ్బా ఉంది చూడు, అది బయట పెట్టించు."

అల్లుడు పెళ్లాం వంక చూశాడు. పెళ్లాం భుజాలెగరేసింది. డబ్బా బయటికి వెళ్లింది.

మొదటి పీపా ముందరి పలకకి ఒక చిన్న స్టీలు మేకు కొట్టి ఉంది. చెల్లెలి కూతురు దాన్ని పటకారుతో లాగగానే సన్నటి ధార ఎగిరి గ్లాసులో పడింది. పలచటి డికాక్షను రంగు, కొద్దిగా మబ్బు. జడ్జమ్మ గ్లాసుని వెలుతురుకి పట్టి చూసింది. వాసన చూసింది. పచ్చి యాపిల్ తొక్క, తడిసిన చెక్క. ఒక గుక్క పోసుకుంది.

దవడలు రెండు పక్కలా పట్టేసినట్టయ్యాయి. నాలుక అంచుల కింద నుంచి నీళ్లు ఊటలా ఊరాయి. కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. ఆలోచించేలోపే ఉమ్మేసింది.

"వద్దు," అంది.

ఆ మాట నోరు జారినట్టే వచ్చేసింది. చెల్లెలి కూతురు ముఖం మాడిపోయింది. జడ్జమ్మ మాత్రం కదలలేదు. గ్లాసు చేతిలోనే ఉంది, నోట్లో నాలుక ఇంకా తిరుగుతోంది. పాలల్లో పులుపు తగిలితే దాని వెనకే ఒక చేదు వస్తుంది, ఆ చేదు వెనక మురికిగుడ్డ వాసన. దానికోసమే ఆగింది. అది రాలేదు. వస్తుందేమోనని ఇంకాస్త ఆగింది. వచ్చింది వేరేది: కొరికి పారేసిన పండు గింజ దగ్గర మిగిలే వగరు.

"ఇంకో గుక్క పొయ్యి," అంది.

రెండో గుక్క ఆమె ఉమ్మలేదు. దవడలు మళ్లీ పట్టాయి గానీ ఈసారి ఆమె సిద్ధంగా ఉంది. పులుపు ముందు తగిలి, పక్కకి తప్పుకుని, వెనకున్నవాటికి దారి ఇచ్చింది. గింజల తీపి కాస్త. చెక్క. చివర్న నోరు కడిగినట్టు శుభ్రం. మింగింది. యాభై తొమ్మిదేళ్ల వయసులో అది ఆమె మింగిన మొదటి బీరు గుక్క.

"ఇది చెడిపోలేదు," అంది నెమ్మదిగా.

"నేను చెప్పానుగా పెద్దమ్మా!"

"నువ్వు చెప్తే సరిపోదే. నాలుక చెప్పాలి." గ్లాసులోకి మళ్లీ వాసన చూసింది. "ఈ పులుపు నాకు తెలిసిందే. పాలని పులియబెట్టేదీ, ఇదీ ఒకటేనా?"

"అదే జాతి సూక్ష్మజీవి. దాన్నే తెచ్చి వేశాం."

జడ్జమ్మ పకపకా నవ్వింది. "ముప్పై ఒక్క ఏళ్లు దాని వెంటపడి తరిమాను. మీరేమో పిలిచి పీటేసి కూర్చోబెట్టారు!"

ఆ నవ్వుతో షెడ్డులో బిగుసుకున్న గాలి సడలింది. కానీ ఎంతోసేపు కాదు. తర్వాతది అల్లుడి రెండో పీపా. ఆమె వాసన చూడగానే గ్లాసు కొంచెం దూరం జరిపింది. గుక్క పోసుకుంది, ఉమ్మేసింది.

"వద్దు."

అల్లుడు నవ్వాడు. "మొదటిదానికీ అలాగే అన్నారుగా అత్తయ్యా. ఇంకో గుక్క చూడండి."

ఆమె ఇంకో గుక్క చూసింది. "వద్దు," అని మళ్లీ అంది. "అది పులుపు, ఇది ఘాటు. పులుపు నాలుక పక్కల పడుతుంది. ఇది గొంతు గీరుతోంది, ముక్కులో గోళ్లరంగు వాసన కొడుతోంది. దీనికి గాలి తగిలింది."

"తగిలే అవకాశమే లేదు. నేను కట్టిన పీపా అది." అతని చెవులు ఎర్రబడ్డాయి. "అదే పదునండీ దీనికి. అది తీసేస్తే ఆరేడు వందల సీసాలు తగ్గిపోతాయి. తప్పుగా అనుకోకండి, మీకు బీరు ఇవాళే పరిచయం. నాకు నాలుగేళ్లు."

"నిజమే బాబూ. బీరు నాకు తెలియదు," అంది ఆమె ఏ మాత్రం నొచ్చుకోకుండా. "చెడిపోవడం తెలుసు. నువ్వు దాన్ని పైనుంచి ఒకసారి కొట్టి చూడు."

అతను విసురుగా వెళ్లి వేళ్ల కణుపులతో మొదటి పీపా పైభాగం కొట్టాడు. బరువైన చప్పుడు. రెండో పీపా కొట్టాడు. డోలులా మోగింది. మళ్లీ కొట్టాడు. బిరడా తీసి, శుభ్రం చేసిన చెక్క పుల్ల ఒకటి లోపలికి దించి పైకి తీశాడు. బీరు నాలుగు వేళ్లు దిగిపోయి ఉంది. ఎక్కడో పలకల సందులోంచి ఏడాదిగా అది సన్నగా ఆవిరైపోతూ, ఆ మేరకు గాలి లోపలికి చేరుతూ ఉంది. అతను పుల్ల పక్కన పెట్టి షెడ్డు బయటికి వెళ్లిపోయాడు.

"వెళ్లనీ," అంది చెల్లెలి కూతురు. "కాసేపు రోడ్డు మీద తిరిగి వస్తాడు."

మూడు, నాలుగు, అయిదు పీపాలు బాగానే ఉన్నాయి. అయిదోది కాస్త నీరసం. మధ్య మధ్య రొట్టె ముక్క నమిలి, నీళ్లు పుక్కిలించి, జడ్జమ్మ వరసగా వచ్చింది. ఆరోదాని దగ్గర మాత్రం ముక్కు చిట్లించింది.

"పశువుల పాక. వద్దు."

"పెద్దమ్మా, అది ఉండాల్సిందే. అందులో వేరే ఈస్ట్ వేశాం, ఆ వాసన కోసమే."

"పాక వాసన కోసం?"

"పాలల్లో అది తప్పే. ఇందులో కాదు. విడిగా అలాగే ఉంటుంది, కలిపితే వేరు."

"పాక వాసన వచ్చిన పాలు వేరేవాటితో కలిపితే మంచివైపోతాయంటే, మా డెయిరీ ఎప్పుడో మూసేసేవాళ్లు."

చెల్లెలి కూతురు వాదించలేదు. పెద్దమ్మతో వాదించి గెలవలేనని దానికి అయిదేళ్ల వయసు నుంచీ తెలుసు. కొలత గీతలున్న గాజు గొట్టం ఒకటి తెచ్చి, మొదటి పీపాది తొమ్మిది వంతులు, ఆరోది ఒక వంతు పోసి, కలిపి, చేతికిచ్చింది.

జడ్జమ్మ ఒక గుక్క తీసుకుంది. ఉమ్మలేదు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. మొదటి పీపా బీరు విడిగా బాగుంది, కానీ సన్నగా ఉంది, ఒక్క గొంతు పాడినట్టు. ఇప్పుడు దాని కింద ఇంకో గొంతు కలిసింది. పాక ఎక్కడా కనపడలేదు. తోలు సంచీ తెరిచినప్పటి వాసన ఏదో లోలోపల వెచ్చగా నిలబడింది. ఆమెకి కోపం రాలేదు, సిగ్గు వేయలేదు; ఆశ్చర్యం వేసింది. గేటు దగ్గర అన్నేళ్లలో రెండు ట్యాంకర్ల పాలు ఒక గ్లాసులో కలిపి చూడాలన్న ఆలోచనే ఆమెకి రాలేదు. రావాల్సిన అవసరం లేకపోయింది. ఉంచడం, పంపడం, ఆమె పని అంతవరకే.

"నాదే పొరపాటు," అంది. "ఆరోది తీసుకోవాలి. కానీ పదిలో ఒక వంతు ఎక్కువ. తగ్గించాలి. ఆ గొట్టం ఇటివ్వు."

ఇక ఆ మధ్యాహ్నమంతా గాజు గొట్టం ఆమె చేతిలోంచి దిగలేదు. ఏడు, ఎనిమిది పీపాలు కూడా చూసి, ఒక కాగితం మీద గీతలు గీసుకుని, ఇది మూడు పాళ్లు, అది రెండు పాళ్లు అనుకుంటూ కలపడం, రుచి చూడడం, ఉమ్మడం. అయిదోదాని నీరసానికి ఎనిమిదోదాని పులుపు జోడించింది. మూడోదాన్ని తగ్గిస్తే చెక్క వగరు పోతోందని మళ్లీ పెంచింది. చెల్లెలి కూతురు పక్కన కూర్చుని లెక్కలు రాస్తూ, మధ్య మధ్య తుమ్ముతూ ఉంది. ఉమ్మినా ఎంతో కొంత లోపలికి పోతుంది కదా, సాయంత్రం నాలుగయ్యేసరికి జడ్జమ్మ చెవులు వెచ్చబడ్డాయి.

"ఒసేయ్, నా చెవులు వేడెక్కుతున్నాయేమిటే?"

"అదే పెద్దమ్మా బీరంటే."

"ఓహో," అని ఆమె ఒక గ్లాసు నీళ్లు తాగి, ఇంకో ముక్క రొట్టె తిని, మళ్లీ పనిలో పడింది. పద్నాలుగో మిశ్రమం దగ్గర ఆగింది. రుచి చూసింది, కాసేపు ఆగి మళ్లీ చూసింది. "ఇదీ," అంది.

అప్పటికి అల్లుడు తిరిగొచ్చి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. గ్లాసు అందుకుని తాగాడు. చెవి వెనక పెన్సిలు తీసి, ఆమె కాగితం మీది అంకెలు ఒక్కొక్కటీ తన పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. తర్వాత సుద్దముక్క తెచ్చి రెండో పీపా మీద పెద్ద ఇంటూ గుర్తు వేసి, దాన్ని దొర్లించుకుంటూ దూరపు మూలకి తీసుకెళ్లాడు. సాయంత్రానికి ఏడు పీపాలూ ఆమె చెప్పిన పాళ్లలో ట్యాంకులో కలిశాయి. శనివారం లారీ వచ్చింది. మొదటి సీసా నిండగానే జడ్జమ్మ దాన్ని పక్కకి లాగి, పోసి, రుచి చూసి, డ్రైవర్లని చూసినట్టే లారీవాణ్ణి చూసి, తల ఊపింది. అప్పుడు గానీ రెండో సీసా కదల్లేదు.

పది రోజులకి చెల్లెలి కూతురి ముక్కు తెరుచుకుంది. అది చేసిన మొదటి పని షెడ్డుకి వెళ్లి ఒక సీసా తెరవడం. తాగి, అక్కడి నుంచే ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నేనైతే ఆరోది ఎక్కువ పోసేదాన్ని. పాడుచేసేదాన్ని," అంది. అటువైపు జడ్జమ్మ, "ఊ, పోసేదానివే," అంది. సీసాలు వెళ్లిన చోటల్లా ఖాళీ అయ్యాయి. రెండు హోటళ్లవాళ్లు ఇంకా కావాలని అడిగితే, లేవని చెప్పాల్సి వచ్చింది.

అల్లుడు నెలన్నర తర్వాత వచ్చాడు, ఒక్కడే, చేతిలో చిన్న సీసాతో.

"రెండో పీపాదండీ. ఇవాళ తీసి చూశాను. పూర్తిగా వెనిగర్ అయిపోయింది." సీసా బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పాడు. "ఆ రోజు ఒప్పుకోలేకపోయాను. ఒప్పుకోవడానికి వచ్చాను."

జడ్జమ్మ ఒక చెంచాలో పోసి నాలుకకి తగిలించుకుంది. "వెనిగర్‌గా చూస్తే మహా బాగుంది బాబూ. పారబొయ్యకు. కూర్చో, కాఫీ ఇస్తాను."

అతను కూర్చున్నాడు. కాఫీ సగంలో అసలు మాట బయటపెట్టాడు. ఈసారి పన్నెండు పీపాలు పోస్తున్నారు. వారానికి రెండు రోజులు ఆమె వచ్చి చూసుకోవాలి. ఊరికే కాదు, ఉద్యోగంగానే.

"కిటికీ దగ్గర బల్ల కావాలి," అంది ఆమె వెంటనే. "ఆ ట్యూబ్‌లైటు వెలుతుర్లో రంగు తెలియదు. గ్లాసులు కడగడానికి వాసనలేని సబ్బు. ఆరోదాంట్లో వేసిన ఈస్ట్ ఈసారి రెండు పీపాలకి వెయ్యండి, ఒకటి చల్లటి మూల, ఒకటి వెచ్చటి మూల పెట్టి చూద్దాం."

"అప్పుడే పని చెప్పేస్తోంది చూశావా," అన్నాడు భర్త, వాళ్ల ముందున్న సీసా వంక ఆశగా చూస్తూ. "నాకూ ఒక చెంచా పొయ్యరాదూ?"

"అది వెనిగర్."

"నాకు తేడా తెలుస్తుందా ఏమిటి?"

అల్లుడు నవ్వుతూ లేచి, తమ కోసం దాచుకున్న బీరు సీసా ఒకటి బండిలోంచి తెచ్చి తెరిచాడు. మూడు గ్లాసుల్లో పోశాడు. భర్త ఒక గుక్క తాగి, ఒక కన్ను మూసి, "ఇదేదో ఉందోయ్," అన్నాడు. ఆ ఇంట్లో అతను ఒక రుచి గురించి అలా అనడం అదే మొదలు. జడ్జమ్మ తన గ్లాసు ఎత్తి, ఈసారి బకెట్టు కోసం వెతకకుండా, తీరిగ్గా అడుగుదాకా తాగింది. తర్వాత అల్లుడి పుస్తకం తీసుకుని, పన్నెండు పీపాల పేర్లు రాయడానికి కొత్త పేజీ తిప్పింది.